నెరెకూ నెర్రెకూ మధ్య మన బడి

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి తుంగభద్ర డ్యాం పందొమ్మిదో గేటు గొలుసు తెగింది. గేటు నీళ్లలో కొట్టుకుపోయింది. ఆ ఒక్క గేటు గుండానే సెకనుకు సుమారు 35 వేల ఘనపుటడుగుల నీరు బయటికి దూకింది. దాని మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. తెల్లారేసరికి కంప్లి నుంచి మంత్రాలయం దాకా ఏటి ఒడ్డు ఊళ్లన్నీ ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాయి.

ఆ ఆదివారం మా ఊళ్లో ఫోన్లకు మూడు రకాల కబుర్లు వచ్చాయి. ఆంధ్ర విపత్తుల నిర్వహణ సంస్థ కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల వాళ్లను అప్రమత్తంగా ఉండమని తెలుగులో చెప్పింది. అది అవతలి రాష్ట్రం వాళ్లకు చెప్పిన మాట, మనకు కాదు. మనకు చెప్పవలసిన మాట కన్నడలో వచ్చింది. మూడోది ఎవరు పంపారో తెలియని వాయిస్ మెసేజ్, ‘డ్యాం తెగిపోయింది, పారిపోండి’ అని. అది తెలుగులోనే ఉంది, అందుకే అందరికీ అర్థమైంది. అబద్ధం మన భాషలో, నిజం మనకు సగం తెలిసిన భాషలో వస్తే జనం దేన్ని నమ్ముతారో వేరే చెప్పాలా?

భాషాభిమానంతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. కన్నడ మన రాష్ట్ర భాష. మన పిల్లలు దాన్ని చక్కగా చదువుతున్నారు, చదవాలి కూడా. నేను చెప్పేది ఇంట్లో ఉండే అవ్వ సంగతి, పొలం కాడ ఉండే తాత సంగతి, పెళ్లి చేసుకుని ఆదోని వైపు నుంచో రాయదుర్గం వైపు నుంచో ఇక్కడికి వచ్చిన కోడలి సంగతి. వరద హెచ్చరికల్లో ఎప్పుడూ కనిపించే ఒక కన్నడ మాట ‘నదీ పాత్రద జనరు’. ఏటి ఒడ్డున ఉండేవాళ్లు అని దాని అర్థం. మా వీధిలో ఒక అవ్వ మనవడిని, “ఏం పాత్రరా? ఎవరి పాత్ర?” అని అడగడం నేనే విన్నాను. ‘ప్రవాహ’ అంటే కన్నడలో వరద. తెలుగు చెవికి అది మామూలు నీటి పారుదల. కాలవలో కూడా ప్రవాహమే కదా, భయమెందుకు అనిపిస్తుంది. ఇంక ‘నెరె’ అనే మాట ఉంది. కన్నడలో నెరె అంటే ఊళ్లు ముంచే వరద. మన తెలుగులో నెర్రె అంటే నీళ్లు లేక నల్లరేగడి నేల విచ్చుకున్న పగులు. ఒకటి నీళ్లు ఎక్కువై వచ్చేది, ఒకటి నీళ్లు లేక వచ్చేది. పలికితే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. బళ్లారి జిల్లా చరిత్రంతా ఈ రెండు మాటల మధ్యే ఉందంటే అతిశయోక్తి కాదు.

ముందు నెర్రె సంగతి. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన కరువు 1878 దాకా దక్షిణ భారతాన్ని పీల్చింది. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ధాత కరువు అంటారు. అప్పటి మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో మనది ముందు వరసలో ఉంటుంది. 1871 జనాభా లెక్కల్లో జిల్లాలో సుమారు 9 లక్షల 11 వేల మంది ఉంటే, పదేళ్ల తర్వాత 1881లో 7 లక్షల 26 వేల మందే మిగిలారు. ప్రతి ఐదుగురిలో ఒకరు లేరు. జిల్లా తిరిగి ఆ పాత లెక్కను దాటడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. అప్పుడు కరువు పనికి వచ్చిన మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని పైనుంచి వచ్చిన అధికారి తేల్చాడు. పౌను అంటే మన లెక్కలో అరకిలో కంటే తక్కువ. రాళ్లు మోసేవాడికి అది చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఏడో తరగతి పిల్లలకు ఈ వాదన చెప్పి, ‘మీ నాయన ఒక రోజులో ఎంత బియ్యం తింటాడు? తూచి రాయండి’ అంటే చరిత్ర పాఠం, లెక్కల పాఠం ఒక్కటైపోతాయి. నేను చేయించి చూశాను, మరుసటి రోజు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ కరువు తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి. ఎప్పుడు పని పెట్టాలి, ఎప్పుడు గంజి పోయాలి, ఎవరు లెక్క రాయాలి అనేవి ముందే కాగితం మీద పెట్టుకోవడం మన దేశంలో అక్కడి నుంచే మొదలైంది. విపత్తు వచ్చాక పరుగెత్తడం కాదు, రాకముందే ఎవరు ఏం చేయాలో రాసుకోవాలి అన్న ఆలోచనకు మన జిల్లా వాళ్ల ఎముకలే పునాది. తుంగభద్ర మీద ఆనకట్ట కట్టాలన్న పట్టుదల కూడా ఈ కరువుల జ్ఞాపకం నుంచే పుట్టింది. 1945లో అటు నిజాం రాజ్యం, ఇటు మద్రాసు ప్రభుత్వం చెరో ఒడ్డున శంకుస్థాపన చేశాయి. 1953లో నీళ్లు కాలవలకు ఎక్కాయి. అదే ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి ఇటు వచ్చింది. మనం కదలలేదు, గీత కదిలింది. నీళ్లూ సరిహద్దూ ఒకే ఏడాది వచ్చాయన్న మాట మన పిల్లలకు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒకే పేజీలో దొరకదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డ్యాం వచ్చాక కరువు పోయిందా అంటే పోలేదు. 2023లో కర్ణాటకలో ఉన్న 236 తాలూకాల్లో 223 తాలూకాలను ప్రభుత్వం కరువు ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ జాబితాలో మనమూ ఉన్నాం. ఆ మరుసటి ఏడాదే డ్యాం నిండింది, గేటు పోయింది. అంటే ఏడాది వ్యవధిలో ఒకే రైతు నెర్రెనూ చూశాడు, నెరె భయాన్నీ చూశాడు.

ఇంక నెరె. 2009 సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదటి రోజుల్లో కురిసిన వాన ఈ ప్రాంతం ఎప్పుడూ చూడనిది. ఉత్తర కర్ణాటకలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ 2న మంత్రాలయం మునిగింది, ఆ రాత్రే కర్నూలు నగరంలోకి నీళ్లు వచ్చాయి. శ్రీశైలం డ్యాంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద చేరింది. ఇటు తుంగభద్ర ఒడ్డున, వేదవతి ఒడ్డున మన సిరుగుప్ప తాలూకా ఊళ్లు కూడా దెబ్బతిన్నాయి. వేదవతి సిరుగుప్ప తాలూకాలోనే తుంగభద్రలో కలుస్తుంది. మన వాళ్లు దాన్ని హగరి అంటారు. ఏడాదిలో పది నెలలు ఇసుకే కనిపించే హగరిని ఎవరూ ఏరుగా లెక్కపెట్టరు. అదే ప్రమాదం. 2022లో చిత్రదుర్గ జిల్లాలో ఉన్న వాణీవిలాస సాగర్ 1933 తర్వాత మొదటిసారి పొంగి పారినప్పుడు ఆ నీళ్లన్నీ ఈ ఇసుక ఏటి దారినే కిందికి వచ్చాయి. ఇసుకలో క్రికెట్ ఆడే పిల్లలకు ‘ఇది ఏరు’ అని చెప్పవలసిన అవసరం ఉందని అప్పుడు తెలిసింది.

2009లో నేను ఉద్యోగంలో కొత్త. బడిలో వరద బాధితులను ఉంచారు. ఒక గదిలో వంట, రెండు గదుల్లో జనం, వరండాలో మేకలు. అప్పటి మా హెడ్మాస్టరు నీళ్లు గేటు దగ్గరికి వచ్చాయనగానే కుర్చీలు, బీరువాలు వదిలేసి అడ్మిషన్ రిజిస్టర్లు మాత్రం దుప్పటిలో మూటకట్టి మేడ మీదికి ఎక్కించాడు. అంత అవసరమా అని అప్పుడు అనుకున్నాం. తర్వాత రెండేళ్ల పాటు ఆ రిజిస్టర్ల విలువ రోజూ తెలిసింది. ఇంట్లో రేషన్ కార్డు పోయినవాడు, పిల్లవాడి జనన పత్రం తడిసి ముద్దైనవాడు, పేరు రుజువు చేసుకోవాలన్నవాడు అందరూ బడికే వచ్చారు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, అన్నిటికంటే మనకు ముఖ్యమైన ‘మాతృభాష’ గడి, మూడూ ఒకే చోట ఉండే ప్రభుత్వ పుస్తకం అదొక్కటే. మైనారిటీ భాషా పాఠశాల ఉండాలా వద్దా అన్న ప్రశ్న వచ్చిన రోజున కూడా ఆ గడిలో రాసిన అక్షరాలే సాక్ష్యం.

పేర్ల గొడవ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పరిహారం ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. కన్నడ రికార్డుల్లో తండ్రి పేరో ఊరి పేరో జోడిస్తారు. ఆధార్‌లో ఒక తీరు, పహణీలో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో తీరు. మన వీరమ్మ కన్నడ కాగితంలో ఈరమ్మ అవుతుంది. ఎల్లప్ప యల్లప్ప అవుతాడు. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. పంట మునిగాక సర్వేకు వచ్చినవాళ్లు జాబితా కంప్యూటర్‌లో ఎక్కించినప్పుడు పహణీ పేరు, ఆధార్ పేరు కలవలేదంటే డబ్బు ఖాతాకు రాదు. మా బడి తల్లిదండ్రుల్లోనే ఒకాయన ఒక అక్షరం కోసం నాడకచేరికి ఆరుసార్లు తిరిగాడు. ఆ ఆరు రోజుల కూలీ కలుపుకుంటే వచ్చే పరిహారంలో ఎంత మిగిలిందో ఆయనకే తెలియాలి.

ఎంత వస్తుందో కూడా చాలామందికి తెలియదు. 2022-26 కాలానికి విపత్తు నిధి కింద కేంద్రం నిర్ణయించిన లెక్క ప్రకారం 33 శాతం, అంతకు పైన పంట పోతే వర్షాధార భూమికి హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న భూమికి 17,000, అది కూడా రెండు హెక్టార్ల దాకానే. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1 లక్షా 20 వేలు. పాలిచ్చే ఆవు, బర్రె పోతే 37,500, గొర్రె, మేక పోతే 4,000. మనిషి పోతే 4 లక్షలు. వీటికి అదనంగా రాష్ట్రాలు ఇచ్చేవి వేరు. చచ్చిన పశువును పూడ్చేముందు ఫొటో తీసి, పశువైద్యుడికి చెప్పి, కాగితం తీసుకోవాలన్న సంగతి తెలియక ఎంతోమంది నష్టపోయారు. దుఃఖంలో ఫొటో ఏమిటని అనిపిస్తుంది. అయినా తీయాలి.

ఎస్‌డీఎంసీ సమావేశాల్లో మనం సాధారణంగా మాట్లాడేది కాంపౌండు గోడ గురించి, బిసియూట గురించి. జూన్‌లో బడులు తెరిచాక జరిగే మొదటి సమావేశంలో ఒక్క గంట ఈ పేర్ల పని పెట్టుకుంటే చాలు. ఆధార్, పహణీ, బ్యాంకు పుస్తకం, పిల్లల టీసీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఉన్నచోట అక్కడే తెలిసిపోతుంది. ఎండాకాలంలో దిద్దించుకునే అక్షరానికి, వరదలో దిద్దించుకునే అక్షరానికి చాలా తేడా ఉంది. పనిలో పనిగా ఆ కాగితాలన్నిటినీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, అసలు ప్రతులను జిప్ ఉండే ప్లాస్టిక్ సంచిలో పెట్టి తలుపు పైన అటక మీద ఉంచితే నీళ్లు మోకాలి దాకా వచ్చినా భయం లేదు.

మళ్లీ పందొమ్మిదో గేటు దగ్గరికి వద్దాం, ఎందుకంటే బడిలో చెప్పడానికి అంతకంటే మంచి పాఠం మన ప్రాంతంలో ఈ మధ్య మరొకటి జరగలేదు. డ్యాంకు మొత్తం 33 గేట్లు. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. గేటు పోయిన చోట తాత్కాలికంగా అడ్డం పెట్టే స్టాప్‌లాగ్ దిమ్మెలు సిద్ధంగా లేవు. నీళ్లు గేటు మట్టం కిందికి దిగేదాకా ఆగితే ఆ పని సులువు. కానీ అప్పటికి డ్యాంలో సగానికి పైగా నీళ్లు పోతాయి, ఖరీఫ్ పంట ఎండిపోతుంది. గేట్ల పనిలో దశాబ్దాల అనుభవం ఉన్న కన్నయ్యనాయుడు, ఎనభై ఏళ్ల వయసుకు దగ్గరలో ఉన్న మనిషి, పారే నీళ్లలోనే దించుదామన్నాడు. నాలుగడుగుల ఎత్తున్న ఐదు ఇనప దిమ్మెలను హొసపేటె, తోరణగల్లు వైపు వర్క్‌షాపుల్లో రాత్రింబగళ్లు తయారు చేశారు. ఆగస్టు 16 సాయంత్రం మొదటి దిమ్మె కూర్చుంది. మరుసటి రోజుకల్లా నీళ్లు ఆగాయి. పోయింది ముప్పై టీఎంసీలకు పైనే. ఆ ఏడాది వానలు తర్వాత కూడా కురవబట్టి డ్యాం మళ్లీ నిండింది, పంట బతికింది.

దీంట్లో ఉన్న లెక్క చూడండి. ఒక క్యూసెక్ అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. రోజుకు 86,400 సెకన్లు. సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున ఒక రోజు పారితే ఒక టీఎంసీ. ఆ లెక్కన ఒక్క గేటు నుంచే రోజుకు మూడు టీఎంసీలు పోయినట్టు. లక్ష క్యూసెక్కులు వదిలితే రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీలకు పైన. గేటు పోయిన వారం ఎనిమిదో తరగతి పిల్లలు ఈ లెక్కను బోర్డు మీద వేసి, ‘ఇంకెన్ని రోజులకు మన కాలవకు నీళ్లు అందవు?’ అని వాళ్లే అడిగారు. ఎల్‌ఎల్‌సీ కింద పొలం ఉన్న ఇంటి పిల్లకు అది పరీక్ష ప్రశ్న కాదు.

పిల్లలకు మరో లెక్క కూడా తెలిసి ఉండాలి. డ్యాం నుంచి లక్ష క్యూసెక్కుల దగ్గరికి నీళ్లు వదిలారంటే కంప్లి దగ్గర గంగావతికి వెళ్లే పాత వంతెన మునుగుతుందని అక్కడి వాళ్లందరికీ తెలుసు. అలాగే ప్రతి ఊరికి ఒక అంకె ఉంటుంది. ఎంత వదిలితే మన వంక ఎదురెక్కుతుంది? ఎంత వదిలితే బడి దారి మూసుకుంటుంది? ఈ అంకె ఊళ్లో పాతవాళ్ల దగ్గర ఉంటుంది, కానీ వాళ్లు దాన్ని క్యూసెక్కుల్లో చెప్పరు, ‘చింతచెట్టు మొదలు తడిసిన రోజు’ అని చెబుతారు. ఆ రోజు తేదీ కనుక్కుని, ఆ రోజు డ్యాం నుంచి ఎంత వదిలారో పాత పేపర్లలో చూసి బడి గోడ మీద ఎర్ర రంగుతో రాయించవచ్చు. ఒక మంచి ప్రాజెక్టు పని అది. కన్నడ హెచ్చరికలో ‘హొరహరివు’ అన్న మాట పక్కన ఉండే అంకెను చూసి గోడ మీది అంకెతో పోల్చుకోవడం ఐదో తరగతి పిల్లకు కూడా చేతనవుతుంది. హొరహరివు అంటే బయటికి వదిలే నీళ్లు, ఒళహరివు అంటే లోపలికి వచ్చే నీళ్లు. ఈ రెండు మాటలు ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇండోనేషియాలో సిమెలూ అనే ద్వీపం ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది చనిపోయారు. అప్పటి నుంచి ఆ ద్వీపం వాళ్లు తమ భాషలో ఉన్న ‘స్మాంగ్’ అనే ఒక్క మాటను పాటల్లో, కథల్లో, జోలల్లో తరాల తరబడి చెప్పుకొచ్చారు. భూమి బాగా ఊగి, సముద్రం వెనక్కి వెళ్లిందంటే స్మాంగ్ వస్తుంది, కొండెక్కాలి అని. 2004 డిసెంబర్ 26న భూకంప కేంద్రానికి చాలా దగ్గరలో ఉన్నా ఆ ద్వీపంలో సుమారు 78 వేల మందిలో చనిపోయింది ఏడుగురే. యంత్రాల హెచ్చరిక ఏదీ వాళ్లకు అందలేదు. ఒక మాట మాత్రం చిన్నప్పటి నుంచీ చెవిలో ఉంది.

మనకు అలాంటి మాటలు లేవా? ఉన్నాయి. ‘వంక వచ్చింది’ అంటే మా వైపు ఎవరూ కూర్చున్నచోట కూర్చోరు. తళవారి డప్పు కొట్టి చాటింపు వేసే రోజుల్లో అతను కన్నడలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పేవాడు. ఊళ్లో ఉర్దూ వీధి ఉంటే అక్కడ ఉర్దూలో చెప్పేవాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, జీఓ లేదు. ఎదురుగా ఉన్న మనిషికి అర్థం కావాలి కాబట్టి చెప్పాడు, అంతే. ఇప్పుడు డప్పు స్థానంలో ఫోన్ వచ్చింది. 2023లో పరీక్ష కోసం ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి, గుర్తుందా? పెద్ద శబ్దంతో తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆ పద్ధతి మంచిదే. కానీ ఫోన్‌కు ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలియదు.

ఇప్పటికి మన ఇళ్లలో అనువాదకులు పిల్లలే. ఆరో తరగతి పిల్ల కన్నడ మెసేజ్ చదివి అవ్వకు తెలుగులో చెబుతోంది. ఇది మనం గర్వపడే సంగతే. అయినా నాకు ఒక బెంగ ఉంది. ఇంట్లో పదకొండేళ్ల పిల్ల ‘అవ్వా, లే, పోదాం’ అంటే అవ్వ లేస్తుందా? ‘చిన్నపిల్ల, ఏదో చదివింది’ అంటుంది. అర్థం చెప్పడం పిల్ల చేయగలదు, పెద్దరికం పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని ఆ బరువు పిల్లల మీదే వదిలేయకుండా బడి తరఫున ఒక టీచరు, వీధికి ఒక తల్లి చొప్పున నలుగురైదుగురు కలిసి ఉండాలి. మెసేజ్ రాగానే టీచరు దాన్ని తెలుగులో చదివి గొంతుతో రికార్డు చేసి బడి వాట్సాప్ గ్రూపులో పెడితే, తల్లులు వీధిలో చెబుతారు. వాయిస్ మెసేజ్ అబద్ధాన్ని మోసుకు రాగలిగినప్పుడు నిజాన్ని కూడా మోయగలదు. ఆ గ్రూపులో మొదటి రోజే ఒక నియమం పెట్టుకోవాలి. ఏ కబురైనా 1077కు, అంటే జిల్లా కంట్రోల్ రూముకు ఫోన్ చేసి అడిగాకే పెట్టాలి. ప్రాణం మీదికి వస్తే 112.

ఊరు కదిలితే బడి ఏమవుతుంది? ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ సరిగా అడగలేదు. 2009 వరద తర్వాత కర్ణాటక ప్రభుత్వం ‘ఆసరె’ పేరుతో మునిగిన ఊళ్ల వాళ్లకు ఎత్తయిన చోట ఇళ్లు కట్టించే పథకం పెట్టింది. దాతలు, సంస్థలు చేయి కలిపాయి. ఆసరె అంటే మన ఆసరాయే. మంచి పని. అయితే ఎక్కడైనా పునరావాసానికి పటం గీసేటప్పుడు ఇళ్లు, రోడ్డు, అంగనవాడి, బడి అని గీస్తారు. ఏ భాష బడి అన్నది ఆ గీతలో ఉండదు. సగం కుటుంబాలు కొత్త చోటికి పోయి, సగం పాత ఊళ్లో ఉండిపోతే ముందు ఖాళీ అయ్యేది చిన్న బడి, అంటే మన బడి. పిల్లల సంఖ్య తగ్గిందని పక్క బడిలో కలిపేస్తే దాన్ని వరద నష్టంగా ఎవరూ లెక్క కట్టరు. రాజ్యాంగం 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించమంటుంది. ఆ మాట వరద వచ్చిన ఏడాది కూడా వర్తిస్తుంది. ఎక్కడైనా అలాంటి పటం గీసే గ్రామసభ జరిగితే మన తల్లిదండ్రులు లేచి ఈ ఒక్క ప్రశ్న అడగాలి, అది మినిట్స్ పుస్తకంలో రాయించాలి.

కరువు సంవత్సరంలో ఇదే నష్టం చప్పుడు లేకుండా జరుగుతుంది. నీళ్లు లేవు, పని లేదు, తల్లిదండ్రులు బెంగళూరుకు పోతారు. పిల్లలు వెంట పోతారు. డిసెంబర్‌లో పోయినవాళ్లు ఉగాదికి వస్తారు, కొందరు రారు. తెలుగు మీడియం పిల్ల మధ్యలో బెంగళూరులో ఏ బడిలో కూర్చోవాలి? కూర్చోదు. ఇటుకల బట్టీ దగ్గర తమ్ముడిని ఆడిస్తుంది. కరువు తాలూకాల్లో ఎండాకాలం సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. 2024 ఎండాకాలంలో మన రాష్ట్రంలో అలాగే పెట్టారు కూడా. బిసియూట పథకం 2002లో మొదలైన ఏడు జిల్లాల్లో బళ్లారి ఒకటి. ధాత కరువు నాటి గంజి తొట్టికీ ఈ కంచానికీ మధ్య నూట పాతికేళ్ల దూరం ఉంది. సెలవుల్లో కూడా కంచం ఉందని తెలిస్తే కొందరు తల్లులు పిల్లలను అవ్వ దగ్గర వదిలి వెళ్తారు. అలా మా బడిలో ఇద్దరు పిల్లలు నిలిచారు. కాబట్టి అక్టోబర్‌లో కరువు ప్రకటన రాగానే, వలస మొదలు కాకముందే ఈ సంగతి ఇంటింటికీ చెప్పాలి. మార్చిలో చెబితే వినేవాళ్లు ఊళ్లో ఉండరు.

పుస్తకాల సంగతి ఉపాధ్యాయ మిత్రులకు తెలిసిందే. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం తెలుగులో కూడా పుస్తకాలు అచ్చువేస్తుంది. కన్నడ పుస్తకం తడిస్తే పక్క ఊరి బడిలో నాలుగు ప్రతులు దొరుకుతాయి. మన పుస్తకం తడిస్తే పక్క తాలూకా దాకా వెతకాలి. కింద అరలో కన్నడ, ఇంగ్లిషు పుస్తకాలు, పై అరలో తెలుగు పుస్తకాలు పెట్టండి అంటే నవ్వొచ్చు. జూలై నుంచి అక్టోబర్ దాకా మేము అలాగే పెడతాం.

డ్యాం గేట్లు పాతబడ్డాయని తేలడంతో 2025లో 80 టీఎంసీలకు మించి నింపలేదు. గేట్లన్నీ మార్చాలని నిర్ణయించారు. గేట్ల పని కాలవ నీళ్ల మీద ఎంత పడుతుందన్నది ప్రతి రైతు ఇంట్లో చర్చ. 2021లో విజయనగర జిల్లా విడిపోయాక డ్యాం మన జిల్లాలో లేదు. నీళ్లు మాత్రం మన మీదుగానే పోతాయి. అక్కడ జరిగే ప్రతి సంగతి మన ఇంటికి ముందు అందాలి, అందినది అర్థం కావాలి.

దానికి ఒక దారి ఇప్పటికే ఉంది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తర్వాత భాషా మైనారిటీలకు ఒప్పుకున్న రక్షణల ప్రకారం ఒక జిల్లాలోగానీ తాలూకాలోగానీ జనాభాలో 15 శాతం మంది ఒక భాష మాట్లాడితే ముఖ్యమైన ప్రకటనలను ఆ భాషలో కూడా ప్రచురించాలి. వరద హెచ్చరిక కంటే ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? 2005 విపత్తుల చట్టం కింద జిల్లా సంస్థకు అధ్యక్షుడు డీసీనే. కాబట్టి దరఖాస్తు ఆయనకు వెళ్లాలి. జనగణన సీ-16 పట్టికలో తాలూకా వారీగా మాతృభాష లెక్కలు ఉంటాయి, మీ తాలూకా అంకె అందులోంచి తీసి రాయండి. పెద్ద కోరికలు వద్దు. వరద, పిడుగు, కరువు హెచ్చరికల వాక్యాలు పది పన్నెండే ఉంటాయి, ఏటా అవే వస్తాయి, అంకెలే మారుతాయి. వాటిని తెలుగులో రాసి ఇవ్వడానికి మన బడుల టీచర్లం సిద్ధమని చెప్పండి. దరఖాస్తు కన్నడలోనే రాయండి, కింద తెలుగు ప్రతి జత చేయండి. ఎస్‌డీఎంసీ అధ్యక్షుడి సంతకం, కనీసం పాతికమంది తల్లిదండ్రుల సంతకాలు ఉండాలి, వేలిముద్రలైనా ఫర్వాలేదు. ఒక ప్రతి తహశీల్దారుకు, ఒకటి బీఈఓకు ఇచ్చి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని అడ్మిషన్ రిజిస్టరు ఉన్న బీరువాలోనే, పై అరలో పెట్టండి.